మధ్యవర్తిని తీసేస్తే ఆయన పని ఎవరి మీద పడుతుంది?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. హనుమకొండలో ఎంబీఏ పూర్తి చేశాను. మా బాపు ఇరవై ఏండ్లుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒకే అడ్తి సేటు (కమీషన్ మీద సరుకు అమ్మించే వ్యాపారి) దగ్గర మిర్చి అమ్ముతున్నాడు. ఈసారి మా చపాట మిర్చిని గిర్నీ పట్టించి, కారం పొడి చేసి, నేరుగా ఇండ్లకు అమ్మాలని నా ఆలోచన. బ్యాంకుకు ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టులో 'మాది డిస్‌ఇంటర్మీడియేషన్ ద్వారా లాభం పొందే వ్యాపారం' అని రాశాను. మేనేజరు గారు ఆ మాటకు తెలుగులో అర్థం చెప్పమంటే తడబడ్డాను. బాపేమో, 'సేటును విడిచిపెడితే మళ్లీ జూన్‌ల పైసలు ఎవరిస్తరు?' అంటున్నాడు. ఈ మాటకు అసలు అర్థం ఏమిటి? దాన్ని ఎక్కడ ఎలా వాడాలి? మా పనికి అది సరిపోతుందా?

జవాబు: మీ ప్రశ్నలు వేరువేరుగా కనిపిస్తున్నా నిజానికి ఒక్కటే. మాట అర్థం పూర్తిగా తెలిస్తే మీ బాపు ప్రశ్నకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది. అందుకే మాట దగ్గరే మొదలుపెడతాను.

మన పిల్లలు పదో తరగతికీ డిగ్రీకీ నడుమ చదివే చదువును ఇంటర్మీడియట్ అంటాం. అదే మూలం నుంచి వచ్చిన ఇంటర్మీడియరీ అంటే ఇద్దరి నడుమ నిలబడి పని జరిపించేవాడు. అలా జరిపించే పని ఇంటర్మీడియేషన్. దానికి ముందు 'డిస్' చేరితే, ఆ నడిమి మనిషి పక్కకు తప్పుకొని ఈ చివరనున్న వారూ ఆ చివరనున్న వారూ నేరుగా కలవడం అవుతుంది. తెలుగులో 'మధ్యవర్తుల తొలగింపు' అని రాస్తే చాలు, బ్యాంకు కాగితంలో కూడా అది చక్కగా ఒదుగుతుంది. పత్రికల్లో 'దళారుల బెడద లేకుండా' అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది గానీ మీ రిపోర్టులో దాన్ని వాడవద్దు. దళారి అన్న మాటలో నింద కలిసి ఉంది. వ్యాపార శాస్త్రంలో ఈ పదం ఎవరినీ నిందించదు, సరుకు లేదా డబ్బు నడిచే దారి మారిందని మాత్రమే చెబుతుంది.

మీ మేనేజరు గారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. ఈ పదం పుట్టింది సరుకుల అంగట్లో కాదు, బ్యాంకుల్లోనే. అమెరికాలో 1933 నాటి బ్యాంకింగ్ చట్టం ఆధారంగా వచ్చిన రెగ్యులేషన్ క్యూ అనే నిబంధన, డిపాజిట్లపై బ్యాంకులు ఇంతకు మించి వడ్డీ ఇవ్వకూడదని హద్దు పెట్టింది. 1960ల నడుమ బయటి మార్కెట్లో వడ్డీ రేట్లు ఆ హద్దు దాటి పెరిగినప్పుడు, డిపాజిటుదారులు బ్యాంకుల నుంచి, పొదుపు సంస్థల నుంచి డబ్బు తీసి ట్రెజరీ బిల్లుల (ప్రభుత్వం కొద్ది కాలానికి అప్పు తీసుకుంటూ ఇచ్చే పత్రాల) వంటి వాటిని నేరుగా కొనుక్కోసాగారు. పదిమంది పొదుపును పోగుచేసి అవసరమున్న వారికి అప్పుగా ఇచ్చే బ్యాంకు కూడా మధ్యవర్తే కాబట్టి, ఆ నడిమి వాణ్ణి దాటిపోవడానికి ఈ పేరు పెట్టారు. అయితే ఆ కథలో రెండో సగం కూడా ఉంది. ఆ పొదుపు సంస్థలు ప్రధానంగా ఇళ్ల కోసం అప్పులిచ్చేవి. డబ్బు దాచుకున్న వారికి మంచి వడ్డీ దొరికింది కానీ, ఇల్లు కట్టుకోవడానికి అప్పు కోసం వచ్చినవారికి ఆ సంస్థల దగ్గర ఇవ్వడానికి డబ్బు తగ్గిపోయింది. మధ్యవర్తిని దాటి వెళ్లినవారు లాభపడ్డారు, ఆయన చేసే రెండో పని మీద ఆధారపడినవారు నష్టపోయారు. మీ బాపు జూన్ నెల గురించి అడుగుతున్నది సరిగ్గా ఇదే కనుక, ఈ రెండో సగాన్ని గుర్తుంచుకోండి.

మన దేశంలో అచ్చంగా ఆ మొదటి అర్థానికి చెందిన ఉదాహరణ కావాలంటే, రిజర్వు బ్యాంకు 2021 నవంబరు 12న ప్రారంభించిన రిటైల్ డైరెక్ట్ ఉంది; సామాన్యులు ప్రభుత్వ బాండ్లను, ట్రెజరీ బిల్లులను రిజర్వు బ్యాంకు దగ్గరే ఖాతా తెరిచి కొనుక్కోవచ్చు. మ్యూచువల్ ఫండ్లలో 2013 జనవరి 1 నుంచి వచ్చిన డైరెక్ట్ ప్లాన్లు కూడా ఇలాంటివే. ఏజెంటు కమీషన్ మిగులుతుంది, ఏ ఫండు మంచిదో తెలుసుకునే భారం మన మీద పడుతుంది. 1990లలో ఇంటర్నెట్ వ్యాపారం మొదలయ్యాక ఈ పదం బ్యాంకులను దాటి అన్ని సరుకులకూ పాకింది. 2002 ఆగస్టులో రైలు టికెట్లు ఇంటర్నెట్‌లో దొరకడం మొదలైన తరువాత, కాజీపేట కౌంటరు ముందు తెల్లవారుజామున వరుసలో నిలబడడానికో, ఏజెంటుకు పైన డబ్బులు ఇవ్వడానికో అలవాటుపడిన మనవాళ్లు ఇంట్లో కూర్చుని టికెట్ తీసుకోవడం నేర్చుకున్నారు. అది ఈ పదానికి సరైన వాడకం.

ఇక మీ మిర్చి దగ్గరికి వద్దాం. మీరు 'మధ్యవర్తి' అని ఒక్క మాటలో రాశారు గానీ, చేను నుంచి వంటింటి దాకా ఉన్న దారిలో నడిమి వారు ఒక్కరు కాదు. ఊళ్లోకి వచ్చి కల్లంలోనే కొనుక్కుపోయేవాడు మారుబేరగాడు, సరుకు ఆయన సొంతమవుతుంది. ఎనుమాములలో మీ సేటు అడ్తిదారు, సరుకు ఆయన కొనడు, మీ తరఫున అమ్మించి కమీషన్ తీసుకుంటాడు. ఆ రోజు పై ధర తేల్చే జెండా పాట తరువాత మీ రాశి ముందు నిలబడి ధర చెప్పేవాడు ఖరీదుదారు. ఆ వెనుక కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకునే పెద్ద వ్యాపారి, కారం మిల్లు, టోకు అంగడి, చివరకు కిరాణా దుకాణం. 'మధ్యవర్తులను తొలగిస్తున్నాం' అన్నప్పుడు వీరిలో ఎవరిని తొలగిస్తున్నారో చెప్పకపోతే ఆ వాక్యానికి అర్థం లేదు. మీ పథకంలో అడ్తిదారు ఒక్కడే కాదు, కిరాణా దుకాణం దాకా అందరూ పోతున్నారు. అంటే వారందరి పనులూ మీ ఇంటికి వస్తున్నాయి.

మార్కెటింగ్ పాఠాల్లో చాలాకాలంగా చెప్పే సంగతి ఒకటుంది: మధ్యవర్తిని తీసేయవచ్చు, ఆయన పనిని మాత్రం తీసేయలేము. మీరు ఎంబీఏలో చదివే ఉంటారు, కానీ యార్డులో నిలబడి చూస్తేనే అది పూర్తిగా తెలుస్తుంది. చిన్నప్పుడు మా నాన్నతో ఎనుమాములలో బస్తాల మీద పడుకుని తెల్లవార్చిన రాత్రులు నాకు ఉన్నాయి. పొద్దున ఖరీదుదారు వచ్చి బస్తా మూతి విప్పి, మోచేయి దాకా చేయి దూర్చి, అడుగున ఉన్న కాయ తీసి చెవి దగ్గర ఆడించేవాడు. గింజ గలగలమంటే ఎండినట్టు, చప్పుడు లేకపోతే పచ్చి ఉన్నట్టు. తరువాత కాయను విరిచి, తాలు (రంగు పోయిన కాయ) ఎంత ఉందో వేళ్లతో ఏరి చూసి ధర చెప్పేవాడు. తగ్గించి చెబితే మా నాన్న నోరు లేచేది కాదు. అడ్తి గుమాస్తా ముందుకు వచ్చి, 'ఈ రైతు సరుకు నాకు ఎరుకే, అడుగుదాకా ఇదే రంగు' అని నాలుగు మాటలు చెబితే ధర కొంత పైకి వచ్చేది. కమీషన్‌లో ఆ నాలుగు మాటల విలువ కూడా ఉందని నాకు చాలా ఏండ్లకు గానీ అర్థం కాలేదు.

అర్థమైంది కూడా నష్టపోయిన తరువాతే. దాదాపు పదేళ్ల కిందట మా ఊరి రైతులం కొందరం కలిసి, అడ్తి ఖర్చు మిగుల్చుకుందామని, ఒక లారీ మిర్చిని దూర ప్రాంతంలోని ఒక కారం కంపెనీకి నేరుగా పంపాం. ఫోనులో మాట్లాడుకున్న ధర మార్కెట్ కన్నా బాగుంది. లారీ చేరాక తేమ ఎక్కువుందని, తాలు ఎక్కువుందని తరుగు తీశారు. కాదనడానికి అక్కడ మా తరఫు మనిషి లేడు. సరుకు వెనక్కి తెచ్చుకుందామంటే తిరుగు కిరాయి పెట్టే స్తోమత లేదు. డబ్బు చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ కోత కూలీల బాకీకి మేం బయట వడ్డీకి తెచ్చుకున్నాం. మిగిలిన కమీషన్ ఎంతో, పోయిన తరుగూ వడ్డీ ఎంతో లెక్క వేసుకున్న రాత్రి మాలో ఒకాయన అన్నం తినలేదు. మేం మధ్యవర్తిని తొలగించాం. నాణ్యత గురించి మన తరఫున వాదించే పనిని, డబ్బు వెంటనే ఇచ్చే పనిని ఎవరికీ అప్పగించలేదు. మీరు ఆ తప్పు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పనిని ఎవరికి అప్పగించాలన్న దానికి మనకు మంచి ఉదాహరణ దూరంగా లేదు, భీమదేవరపల్లి మండలం ముల్కనూరులోనే ఉంది. అక్కడ 1956లో ప్రారంభమైన సహకార గ్రామీణ బ్యాంకు రైతుకు అప్పు ఇస్తుంది, ఎరువులు అందిస్తుంది, పంట అమ్మకాన్నీ చూస్తుంది. ఒక అడ్తిదారు చేసే అప్పు పని, అమ్మకం పని రెండూ అక్కడ ఒకే చోట ఉన్నాయి. తేడా ఏమిటంటే, ఆ నడిమి సంస్థకు యజమానులు రైతులే. 2000లో అదే ఊళ్లో మొదలైన మహిళా సహకార డెయిరీ కూడా అలాంటిదే. పాలను నేరుగా ఇండ్లకు పోసే ప్రయత్నం ఆ ఆడవాళ్లు చేయలేదు. వెన్న శాతం చూడడం, చల్లబరచడం, ప్యాకెట్లు చేయడం, పట్టణానికి చేర్చడం అనే పనులన్నిటినీ తమ సొంత సంఘం చేత చేయించుకున్నారు. దీన్ని శుద్ధమైన అర్థంలో మధ్యవర్తుల తొలగింపు అనలేం, మధ్యవర్తి స్థానాన్ని రైతులే తీసుకోవడం అనాలి. నా మట్టుకు నాకు ఇదే ఎక్కువ నిలకడైన దారి.

రైతు బజారు మాత్రం అచ్చమైన ఉదాహరణ. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పద్ధతిలో కూరగాయలు పండించినవారే తెచ్చి, కూర్చుని, తూచి, తినేవారికి అమ్ముతారు. హనుమకొండ రైతు బజారులో పొద్దున చూడండి: వంకాయలు తెచ్చిన అమ్మ రాత్రి కోసి, తెల్లవారకముందే బండి పట్టుకుని వచ్చి, మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది. మిగిలిన వంకాయలు ఆమెవే. నడిమి వాడి లాభం ఆమెకు వస్తుంది, నడిమి వాడి రోజు కూడా ఆమెదే అవుతుంది. అదే 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్‌ను (మార్కెట్ యార్డులను కలిపే జాతీయ ఆన్‌లైన్ మార్కెట్‌ను) కొందరు మధ్యవర్తులను తొలగించిన వ్యవస్థగా రాస్తుంటారు. అది పొరపాటు. కంప్యూటరులో ధర వేయడం వల్ల ఎక్కువమంది ఖరీదుదారులు పోటీ పడే వీలు కలుగుతుంది, కానీ లైసెన్సు ఉన్న అడ్తిదారులు అందులోనూ నమోదై ఉంటారు. పోటీ పెరగడం వేరు, నడిమి వాడు పోవడం వేరు.

మీరు కారం పొడిని పెద్ద ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మాలనుకుంటున్నట్టయితే, ఆ భాగానికి ఈ పదం వాడవద్దు. అక్కడ సేటు స్థానంలోకి కంపెనీ వస్తుంది. కమీషన్ తీసుకుంటుంది, నియమాలు పెడుతుంది, వాపసు వచ్చిన ప్యాకెట్ల భారం మీ మీదే వేయవచ్చు. పాత మధ్యవర్తి పోయి కొత్తవాడు రావడాన్ని రీఇంటర్మీడియేషన్ అంటారు. మీ పేరు పడిన ప్యాకెట్టును మీరే హనుమకొండలోని ఇండ్లకు, హాస్టళ్లకు చేర్చి, మీరే డబ్బు తీసుకుంటే మాత్రం డిస్‌ఇంటర్మీడియేషన్ అన్నది ధైర్యంగా రాయవచ్చు.

రిపోర్టులో మీరు రాసిన వాక్యం తప్పు కావడానికి ఇంకో కారణం ఉంది. 'దాని ద్వారా లాభం' అన్నప్పుడు, నడిమి వారు తీసుకునే సొమ్మంతా లాభంగా మిగులుతుందన్న భావం వస్తుంది. మేనేజరు గారు అడిగింది బహుశా అందుకే. మీ వాక్యం ఇలా ఉంటే ఎవరూ వంక పెట్టలేరు: 'మా పొలంలో పండిన చపాట మిర్చిలో కొంత భాగాన్ని అడ్తిదారు, టోకు వ్యాపారి, చిల్లర దుకాణం లేకుండా నేరుగా వినియోగదారులకు కారం పొడిగా అమ్ముతాము, ఇంతవరకు వారు చేసిన తూకం, నాణ్యత పరీక్ష, నిల్వ, రవాణా, వసూలు పనులను మేమే చేస్తాము, వాటికి అయ్యే ఖర్చు కింద చూపిన విధంగా ఉంటుంది.' ఆ కింద నిజంగానే చూపండి. తొడిమ తీసిన కూలి, తొడిమలో పోయే బరువు, గిర్నీ ఖర్చు, ప్యాకింగు, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు, బండి పెట్రోలు, అరువు ఇచ్చి వసూలు కాని ప్యాకెట్లు, అన్నిటికన్నా ముఖ్యంగా మీ సొంత రోజు కూలి. ఇంట్లో మనుషులు చేసే పనికి కూలి కట్టకుండా వేసిన లాభం లెక్కను నేను నమ్మను, బ్యాంకు కూడా నమ్మకూడదు.

మీ సరుకులో ఒక బలం ఉంది, దాన్ని రిపోర్టులో ఎందుకు రాయలేదో అర్థం కాలేదు. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. టమాటాలా బొద్దుగా ఉండి, ఘాటు తక్కువ, ఎరుపు రంగు ఎక్కువ ఉండే ఈ కాయను కల్తీ రంగుకు భయపడే ఇల్లాలు ఏరికోరి కొంటుంది. ఏ చేను కాయో చెప్పగలగడం నేరుగా అమ్మేవాడికే సాధ్యం. పది రాశులు కలిసిన మిల్లు పొడికి సాధ్యం కాదు. అయితే ఆ గుర్తింపు పేరును ప్యాకెట్టు మీద వేసుకోవాలంటే మీరు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి, ఆ పని ముందే మొదలుపెట్టండి.

ఇప్పుడు మీ బాపు ప్రశ్న. జూన్‌లో విత్తనానికి, ఆ తరువాత నారుకు, తామర పురుగు మందులకు, జనవరి నుంచి కోత కూలీలకు మీ సేటు ఇచ్చే డబ్బు కూడా ఆయన చేసే పనుల్లో ఒకటి, బహుశా అన్నిటికన్నా పెద్దది. దానికి బదులు ముందు చూసుకోవాలి. మీ బాపు పేరున పట్టా పాసుపుస్తకం ఉంటే కిసాన్ క్రెడిట్ కార్డు కింద ఒక పరిమితి వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే అది 4 శాతానికి తగ్గుతుంది. పొలం కౌలుదైతే ఆ దారి అంత తేలిక కాదు; పాసుపుస్తకం లేని కౌలు రైతుకు అప్పు ఇచ్చేది చాలా ఊళ్లలో ఈనాటికీ అడ్తిదారే, ఆయన్ని విడిచిపెట్టమని అలాంటి రైతుకు సలహా ఇవ్వడానికి నాకు మనసు ఒప్పదు.

కాబట్టి ఈ ఏడాది సేటును వదలకండి. పంటలో ఎక్కువ భాగం ఎప్పటిలాగే ఎనుమాములకు పంపి, ఆయన ఇచ్చిన అడ్వాన్సు ముందుగా తీర్చి, ఓ పది బస్తాలు మాత్రం కారానికి ఉంచుకోండి. ఈ సంగతి ఆయనకు మీ బాపే స్వయంగా వెళ్లి చెబితే మంచిది. ఇరవై ఏండ్ల లావాదేవీ ఉన్న మనిషికి పక్క రైతు నోటి ద్వారా తెలియడం మర్యాద కాదు. పది బస్తాల పొడి ఎన్ని రోజుల్లో అమ్ముడైంది, ఎంతమంది రెండోసారి అడిగారు, ఎంత అరువు మిగిలిందన్నవి చూసుకుంటే, వచ్చే ఏడాది రిపోర్టులో అంచనాలకు బదులు సొంత అంకెలు ఉంటాయి.

అంతకన్నా ముందు ఒక పని చేయండి. సేటు ఇచ్చిన తక్‌పట్టీలను (అమ్మకం లెక్క చీటీలను) మీ బాపు ఏ కొక్కేనికో, తీగకో గుచ్చి దాచి ఉంటాడు. గత మూడేండ్లవి తీసి, కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి) కూలి, అడ్వాన్సు మీద వడ్డీ, తరుగు అన్నిటినీ వేరు వేరు గడుల్లో రాసుకుని, ఒక్కో గడి పక్కన ఆ పని రేపటి నుంచి మీ ఇంట్లో ఎవరు చేస్తారో పేరు రాయండి. ఏ గడి పక్కన పేరు దొరకదో, ఆ పనికి మీకు ఇంకా సేటు కావాలి.